ఐర్లాండ్‌లో కొత్త కాపురం: ఇద్దరూ కుదురుకోవాలంటే ఏం చేయాలి

ఐర్లాండ్ వచ్చే తెలుగు జంటల్లో చాలామందిది ఒకటే వరస. ఇద్దరిలో ఒకరికి ఉద్యోగం వస్తుంది, సాఫ్ట్‌వేరో, నర్సింగో, ఫార్మా కంపెనీయో. రెండోవారు డిపెండెంట్‌గా వెనకాల వస్తారు. ఉద్యోగం ఉన్నవారికి మొదటి సోమవారం నుంచే ఆఫీసు, జీతం, టీ బ్రేక్‌లో మాట్లాడే మనుషులు అన్నీ దొరుకుతాయి. రెండోవారికి మిగిలేది ఇల్లు, కిటికీ బయట వాన, హైదరాబాద్‌కో విజయవాడకో వీడియో కాల్. అందుకే ఇక్కడ నేను చెప్పే ప్రతి పనీ ఇద్దరి పేరు మీదా జరగాలి, ఇద్దరూ స్వయంగా చేయాలి. దేశం ఇద్దరికీ విడివిడిగా అలవాటు కావాలి, ఒకరికి అలవాటైతే రెండోవారికి దానంతట అది అంటుకోదు. మేం ఉండేది కార్క్‌లో కాబట్టి ఉదాహరణలు కొన్ని కార్క్ వైపు ఉంటాయి, డబ్లిన్‌కైనా లిమరిక్‌కైనా పద్ధతి ఇదే.

బయల్దేరే ముందు

పెళ్ళి సర్టిఫికెట్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకుని, విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయించి ఉంచుకోండి. ఇద్దరి డిగ్రీలు, అనుభవం సర్టిఫికెట్లు, టీకాల కార్డులు కూడా పెట్టుకోండి. ఉద్యోగం లేనివారి సర్టిఫికెట్లే చాలామంది ఇంట్లో వదిలేసి వస్తారు, ఆరు నెలల తర్వాత వాటికోసం తమ్ముడిని బీరువా వెతకమనాల్సి వస్తుంది.

సామాన్ల విషయం. కరెంటు మనలాగే 230 వోల్టులు, కాబట్టి మిక్సీ, చిన్న గ్రైండర్ నిశ్చింతగా పనిచేస్తాయి, ప్లగ్గు మాత్రం చదరపు మూడు పిన్నులది కావాలి. ఆవకాయ తెచ్చుకోండి, కానీ నెయ్యి, పాలకోవా, నాటుకోడి పచ్చడి వద్దు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు ప్రయాణికులు తేకూడదని యూరప్ నిబంధన, విమానాశ్రయంలో చూస్తే తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు కూడా మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా రానివ్వరు. కొబ్బరికాయకి, అరటిపండుకి మాత్రం మినహాయింపు ఉంది.

ఇల్లు వెతకడం

అన్నిటికంటే కష్టం ఇదే, ఈ విషయంలో మీకు ఎవరూ తీపి మాటలు చెప్పకూడదు. ఇళ్ళు తక్కువ, అడిగేవాళ్ళు చాలా ఎక్కువ. అందరూ వెతికేది డాఫ్ట్ అనే సైటులో. ప్రకటన పడిన గంటలోపే మెసేజ్ పంపాలి, ఆ మెసేజ్‌లో మీరిద్దరూ ఎవరు, ఏం పని చేస్తారు, ఎప్పటినుంచి కావాలి, జీతం లెటర్ ఉందా లేదా అన్నది నాలుగు వాక్యాల్లో మర్యాదగా రాసి పెట్టుకోండి, ఒక్కో ఇంటికి మళ్ళీ మళ్ళీ టైపు చేస్తూ కూర్చుంటే ఆలస్యం అయిపోతుంది. ఇల్లు కళ్ళారా చూడకుండా రూపాయి పంపకండి. "నేను ఊళ్ళో లేను, తాళాలు కొరియర్‌లో పంపుతా" అన్నవాడు ఎవరైనా సరే మోసగాడే. చట్టప్రకారం ఓనరు మొదట్లో ఒక నెల అడ్వాన్సు, ఒక నెల అద్దె, అంతకు మించి అడగకూడదు. అద్దె ఒప్పందం రెసిడెన్షియల్ టెనెన్సీస్ బోర్డులో రిజిస్టర్ అయిందో లేదో కనుక్కోండి, ఎందుకంటే ఏటా ఒక్కరికి 1,000 యూరోలు, జంటకు 2,000 యూరోల వరకు వచ్చే అద్దె పన్ను రాయితీ దానికి ముడిపడి ఉంటుంది.

ఇల్లు దొరికాక ఒప్పందంలో ఇద్దరి పేర్లూ రాయించండి. ఇది నేను బతిమాలి చెప్పే మాట. ఈ దేశంలో ప్రతి పనికీ అడ్రస్ రుజువు అడుగుతారు, బ్యాంకు అడుగుతుంది, పీపీఎస్ నంబరు (పన్నుకీ ప్రభుత్వ సేవలకీ ఒక్కొక్కరికి ఇచ్చే నంబరు) వాళ్ళు అడుగుతారు. కరెంటు బిల్లు ఒకరి పేరు మీద, ఇంటర్నెట్ బిల్లు రెండోవారి పేరు మీద పెట్టేస్తే ఇద్దరికీ ఆ బాధ తీరుతుంది. కొన్నేళ్ళ తర్వాత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టేటప్పుడు కూడా ప్రతి ఏడాదీ ఇక్కడే ఉన్నట్టు ఎవరికి వారు విడిగా రుజువులు చూపాలి, అప్పుడు ఒకరి పేరే ఉన్న బిల్లుల కట్ట రెండోవారికి పనికిరాదు. ఇంటి ఎయిర్‌కోడ్ కూడా బట్టీ పట్టండి. 2015 నుంచి ప్రతి ఇంటికీ అక్షరాలు, అంకెలు కలిపి ఏడు ఉండే సొంత పోస్టల్ కోడ్ ఉంది, అంబులెన్స్‌కైనా పిజ్జా అబ్బాయికైనా అది చెబితే చాలు.

కాగితాల వరస

పీపీఎస్ నంబరు ముందు. ఉద్యోగం ఉన్నవారికి ఆఫర్ లెటర్ చూపితే సరిపోతుంది, రెండోవారు ఎందుకు కావాలో కారణం, దానికో కాగితం చూపాలి, కాబట్టి ఉద్యోగ ఆఫరో, ఇంకేదైనా ప్రభుత్వ అవసరమో చేతిలో పెట్టుకుని వెళ్ళండి. ఆ నంబరు రాగానే రెవెన్యూ, అంటే పన్నుల శాఖ వాళ్ళ మైఅకౌంట్ అనే ఆన్‌లైన్ ఖాతాలో ఉద్యోగం నమోదు చేయండి. చేయకపోతే ఎమర్జెన్సీ టాక్స్ పడుతుంది, పీపీఎస్ నంబరే ఇవ్వకపోతే మొదటి జీతం నుంచే మొత్తం మీద 40 శాతం కోస్తారు. తర్వాత తిరిగి వస్తుంది నిజమే, కానీ అడ్వాన్సు కట్టిన నెలలో ఆ దెబ్బ తట్టుకోవడం కష్టం.

పెళ్ళయినవాళ్ళు జాయింట్ అసెస్‌మెంట్, అంటే ఇద్దరికీ కలిపి పన్ను లెక్క వేయమని అడగడం మర్చిపోవద్దు. 2025 లెక్కల్లో ఒంటరివారికి 44,000 యూరోల వరకు 20 శాతం పన్ను, ఆపైన 40 శాతం. జంటలో ఒక్కరే సంపాదిస్తే ఆ 20 శాతం హద్దు 53,000 దాకా వెళుతుంది, ఇద్దరూ సంపాదిస్తే 88,000 దాకా. ఇంట్లో ఒక్క జీతమే ఉన్న మొదటి ఏడాదిలో ఇది చాలా ఊరట.

దిగిన 90 రోజుల లోపు ఐఆర్‌పీ కార్డుకి (ఇక్కడి నివాస అనుమతి కార్డు) రిజిస్టర్ కావాలి, అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్‌లో, మనిషికి 300 యూరోలు. క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ (కొరత ఉన్న నైపుణ్యాలకి ఇచ్చే వర్క్ పర్మిట్) ఉన్నవారి భార్యకో భర్తకో స్టాంప్ 1జీ అనే రకం నివాస అనుమతి ఇస్తారు, దానితో వేరే పర్మిట్ లేకుండా ఉద్యోగం చేసుకోవచ్చు. 2024 మే నుంచి జనరల్ పర్మిట్ వాళ్ళ జీవిత భాగస్వాములకి కూడా ఈ వెసులుబాటు వచ్చింది. పాత సమాచారం చదివి "డిపెండెంట్లు పనిచేయకూడదట" అని ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఇంకా కనబడుతున్నారు, దయచేసి మీ స్టాంపు ఏంటో మీరే చూసుకోండి.

ఇంకొకటి, ఉత్తర ఐర్లాండ్. డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్‌కి బస్సు ఎక్కితే సరిహద్దులో చెక్‌పోస్టు ఏమీ కనబడదు, ఫోన్‌లో నెట్‌వర్క్ మారినప్పుడే దేశం మారిందని తెలుస్తుంది. కానీ అది బ్రిటన్. మన పాస్‌పోర్టుకి బ్రిటన్ వీసా కావాలి, ఐరిష్ కార్డు అక్కడ చెల్లదు. ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు షెంగెన్‌కీ అంతే, విడిగా వీసా కావాలి, ఐర్లాండ్ అందులో లేదు. వీకెండ్ ట్రిప్ అని స్నేహితులు పిలిస్తే ఇది గుర్తుపెట్టుకోండి.

ఇల్లు నడపడం

వేడినీళ్ళు మన గీజర్ లాగా ఎప్పుడూ సిద్ధంగా ఉండవు. చాలా ఇళ్ళలో ఇమ్మర్షన్ అనే స్విచ్ ఉంటుంది, దానికి సింక్, బాత్ అని రెండు సెట్టింగులు. సింక్ అంటే ట్యాంకులో పైభాగమే వేడెక్కుతుంది, బాత్ అంటే మొత్తం. అవసరానికి వేసి ఆపేయాలి, రాత్రంతా వదిలేస్తే బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఆ ట్యాంకు ఉన్న చిన్న గదిని హాట్ ప్రెస్ అంటారు, తువ్వాళ్ళు ఆరబెట్టుకునే వెచ్చటి అర అది. తెలుగు ఇంటికి అది వరం. డిసెంబరు చలిలో వంటింట్లో ఇడ్లీ పిండి రెండు రోజులైనా కదలదు, అదే గిన్నె హాట్ ప్రెస్‌లో పెడితే పొద్దున్నకి పొంగి ఉంటుంది. కింద పళ్ళెం పెట్టండి, పొంగితే తువ్వాళ్ళ మీద పడుతుంది.

పోపు వేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్, కిటికీ, రెండూ తెరవండి, పొగ అలారం ఎండుమిర్చికి క్షణంలో మోగుతుంది. అలారం మోగుతోందని బ్యాటరీ తీసేయడం మాత్రం వద్దు. కోట్లు, జాకెట్లు వంటింటికి దూరంగా తలుపు మూసిన గదిలో తగిలించుకోండి, ఉన్ని బట్టలు తాలింపు వాసన పట్టేస్తే ఆఫీసు దాకా వస్తుంది.

చెమ్మ గురించి గట్టిగా చెప్పాలి. వాన వల్ల బట్టలు ఇంట్లోనే ఆరేస్తాం, చలి వల్ల కిటికీలు మూసేస్తాం, గోడకి గాలి రావడానికి పెట్టిన చిల్లులు చల్లగాలి వస్తోందని గుడ్డలు కుక్కి మూసేస్తాం, నెల తిరగకుండా బీరువా వెనక నల్లటి బూజు వస్తుంది, ఆ తర్వాత ఇద్దరికీ దగ్గు పట్టుకుంటుంది. ఆ చిల్లులు మూయకండి. రోజుకి పది నిమిషాలైనా కిటికీలు బార్లా తెరవండి. డీహ్యూమిడిఫైయర్ కొనగలిగితే కొనండి, ఈ దేశంలో పెట్టిన ప్రతి యూరో తిరిగి వచ్చే వస్తువు అది.

చెత్త కంపెనీలు ప్రైవేటువి, మీరే ఒకదాన్ని ఎంచుకోవాలి. మామూలు చెత్తకొక డబ్బా, రీసైక్లింగుకొకటి, తిండి వ్యర్థాలకి గోధుమరంగుదొకటి. 2024 ఫిబ్రవరి నుంచి ప్లాస్టిక్ సీసాలకి, టిన్నులకి డిపాజిట్ తీసుకుంటున్నారు, అర లీటరు దాకా 15 సెంట్లు, అంతకంటే పెద్దవాటికి 25 సెంట్లు. నలపకుండా దాచి సూపర్‌మార్కెట్లో ఉన్న మెషీన్‌లో వేస్తే వోచర్ వస్తుంది.

సరుకులకి లిడిల్, ఆల్డీ, టెస్కో, డన్స్, సూపర్‌వాల్యూ ఉన్నాయి. మన సరుకులకి డబ్లిన్‌లో ఇబ్బంది లేదు. చిన్న ఊళ్ళలో దొరికే ఇండియన్ షాపు చాలాచోట్ల మలయాళీలది, 2000 తర్వాత కేరళ నర్సులు పెద్ద సంఖ్యలో వచ్చి స్థిరపడిన పుణ్యం అది. కొబ్బరి నూనె, మట్ట బియ్యం మధ్యలో సోనా మసూరి కూడా ఉంటుంది, లేకపోతే అడగండి, తెప్పిస్తారు. ఫ్రోజెన్ మునక్కాడలు, గోంగూర కూడా వాళ్ళ ఫ్రీజర్లలోనే చూడండి.

చలి కాదు, చీకటి

ఇండియాలో అందరూ చలి గురించి హెచ్చరిస్తారు. ఇక్కడ చలి మరీ అంత ఘోరం కాదు, మంచు కూడా అరుదు. మనిషిని కుంగదీసేది చీకటి. డిసెంబరులో పొద్దున ఎనిమిదిన్నర దాటాక తెల్లవారి, సాయంత్రం నాలుగున్నర లోపే పొద్దుగూకుతుంది. ఆఫీసుకి వెళ్ళేవారు చీకట్లో వెళ్ళి చీకట్లో వస్తారు, ఇంట్లో ఉండేవారికి మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి రాత్రి. అందుకని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒక నియమం పెట్టుకోండి: వాన పడుతున్నా సరే, మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య అరగంట బయట నడవాలి. గొడుగు వద్దు, గాలికి విరిగిపోతుంది, టోపీ ఉన్న మంచి వానకోటు మీద ఖర్చు పెట్టండి. విటమిన్ డి గురించి డాక్టరుని అడగండి, మన ఒంటిరంగు వాళ్ళకి ఇక్కడి ఎండ అసలే చాలదు. జూన్‌లో ఇదంతా తిరగబడుతుంది, రాత్రి పది దాకా వెలుతురే, కాబట్టి మందపాటి కర్టెన్లు కొనుక్కోవాలి.

వాతావరణ శాఖ మెట్ ఏరన్ వాళ్ళు పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇస్తారు. పసుపు మామూలే. ఎరుపు వస్తే ఇంట్లోంచి కదలొద్దు. 2025 జనవరి 24న వచ్చిన ఏవిన్ తుఫానులో గాల్వే తీరాన గాలి గంటకి 180 కిలోమీటర్లు దాటింది, ఏడు లక్షలకు పైగా ఇళ్ళకీ షాపులకీ కరెంటు పోయింది, కొందరికి రోజుల తరబడి రాలేదు. పవర్ బ్యాంకు, టార్చి, గ్యాస్ స్టవ్ లేనివాళ్ళకి ఫ్లాస్కు, నాలుగు ప్యాకెట్ల బిస్కెట్లు ఇంట్లో ఉంచుకోండి.

డాక్టరు

జబ్బు చేశాక కాదు, వచ్చిన మొదటి వారంలోనే ఇంటి దగ్గరున్న జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు దగ్గర ఇద్దరూ నమోదు కండి. చాలామంది జీపీలు కొత్తవాళ్ళని తీసుకోవట్లేదు, కాబట్టి నాలుగైదు చోట్ల అడగాలి. ఒక్కో విజిట్‌కి సుమారు 60 యూరోలు. స్పెషలిస్టు దగ్గరికి నేరుగా వెళ్ళే పద్ధతి లేదు, జీపీ ఉత్తరం రాయాలి. ఎమర్జెన్సీకి ఉత్తరం లేకుండా వెళితే 100 యూరోలు, ఉత్తరంతో వెళితే ఆ చార్జీ ఉండదు. అర్ధరాత్రి అయితే కార్క్, కెర్రీ వైపు సౌత్‌డాక్ లాంటి సర్వీసులున్నాయి. ప్రాణం మీదికొస్తే 112 గానీ 999 గానీ. యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా ఎక్కడా ఇవ్వరు.

ఇన్సూరెన్సు ఆఫీసు ఇస్తే ఇద్దరినీ చేర్పించండి. కొత్త జబ్బులకి 26 వారాలు, కాన్పుకి 52 వారాలు, ముందునుంచి ఉన్న జబ్బులకి ఐదేళ్ళు ఆగాలి. ఇద్దరిలో ఎవరికైనా 35 ఏళ్ళు నిండి ఉంటే ఇక్కడ నివాసం మొదలైన తొమ్మిది నెలల లోపు పాలసీ తీసుకోండి, లేదంటే 34 దాటిన ప్రతి ఏడాదికి 2 శాతం చొప్పున ప్రీమియం పెరుగుతుంది. అయితే కాన్పు విషయంలో భయం వద్దు, ఇక్కడ నివసిస్తున్నవారికి గర్భిణీ వైద్యం ప్రభుత్వ పథకం కిందే ఉచితం.

మనుషులు

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే కాగితాలు అందరూ చెబుతారు, ఇది ఎవరూ చెప్పరు.

ఐరిష్ వాళ్ళు మొదటి రోజే నవ్వుతూ పలకరిస్తారు, ఐదు నిమిషాల్లో మీ ఊరు, మీ అమ్మానాన్నలు, మీకు ఈ వాన ఎలా ఉందో అంతా అడుగుతారు. దాన్ని చూసి స్నేహం అయిపోయిందనుకుంటాం, తర్వాత వారం ఎవరూ ఫోన్ చేయకపోతే మొహం వాడిపోతుంది. పలకరింపు వేరు, చనువు వేరు. చనువు రావడానికి ఇక్కడ ఒకటే దారి, ఒకే చోట, ఒకే మనుషుల మధ్య, మళ్ళీ మళ్ళీ కనబడడం. ఆరు చోట్లకి ఒక్కోసారి వెళ్ళినా ఏమీ రాదు. ఒక్క చోటికి ఆరు నెలలు వెళ్ళండి, వస్తుంది.

దారిలో ఎదురైనవాళ్ళు "హౌ ఆర్ యూ" అంటూ ఆగకుండా నడిచిపోతారు. మీరూ "గ్రాండ్, హౌ ఆర్ యూ" అని నడిచిపోండి, నడుంనొప్పి గురించి చెప్పక్కర్లేదు. వాతావరణం గురించి మాట్లాడితే విసుక్కోకండి, అది ఇక్కడ మాట కలిపే మార్గం. బస్సు దిగేటప్పుడు డ్రైవరుకి థాంక్స్ చెప్పండి, అందరూ చెబుతారు. బస్సు రావడం చూసి చెయ్యి చాపకపోతే చాలా చోట్ల ఆగదు.

ఎవరింటికైనా వెళితే టీ తాగుతారా అంటారు. వద్దంటే మళ్ళీ అడుగుతారు, మళ్ళీ వద్దంటే మూడోసారి అడుగుతారు, అప్పుడు ఒప్పుకుంటే ఇద్దరికీ సంతోషం. మన ఇళ్ళలో పెరిగిన మొహమాటం ఇక్కడ అక్షరాలా చెల్లుతుంది. వాళ్ళు మీ ఇంటికి వచ్చి "ఏం వద్దు, ఏం వద్దు" అంటే మీరు కూడా ఆగిపోకండి, మూడుసార్లు అడగండి. కానీ చెప్పకుండా ఇంటికి వెళ్ళడం మాత్రం, బాగా దగ్గరైనవాళ్ళైతే తప్ప, వద్దు. తేదీ అడిగి వెళ్ళండి, చేతిలో బిస్కెట్లో పూలో ఉండాలి.

గొప్పలు చెప్పుకోవడం వీళ్ళకి అసలు గిట్టదు. జీతం ఎంత, ఇల్లు ఎంతకి కొన్నారు, అబ్బాయికి ఎన్ని మార్కులు అన్న ప్రశ్నలు మనకి ఆప్యాయత, వాళ్ళకి ఇబ్బంది. ఎవరైనా మిమ్మల్ని మెచ్చుకుంటే చిన్నగా నవ్వి థాంక్స్ చెప్పి ఊరుకుంటే చాలు. ఆటపట్టించడం ఎక్కువ, మిమ్మల్ని ఆటపట్టిస్తున్నారంటే కలుపుకుంటున్నారని అర్థం.

పేర్ల విషయంలో మొహమాటపడి మీ పేరుని సగం నరికి చెప్పకండి. షివాన్, నీవ్, సీర్షా, ఈఫా, టైగ్ అని వాళ్ళ పేర్లూ రాసేది ఒకలాగా పలికేది ఇంకొకలాగా ఉంటాయి, పేరు తప్పు పలికితే ఎలా ఉంటుందో వాళ్ళకి చిన్నప్పటినుంచి తెలుసు. నిదానంగా రెండుసార్లు పలికి చూపిస్తే నేర్చుకుంటారు. మీరూ వాళ్ళవి నేర్చుకోండి.

పబ్బు అంటే మన ఊళ్ళో బారు కాదు. ఆదివారం మధ్యాహ్నం సూపు, రోస్టు తింటూ ముసలివాళ్ళు, పిల్లలు, అందరూ ఉంటారు. పెద్దవాళ్ళతో ఉన్న పిల్లల్ని రాత్రి తొమ్మిది దాకా ఉండనిస్తారు, వేసవిలో పది దాకా. మందు తాగకపోయినా వెళ్ళండి, లైమ్ సోడా తీసుకున్నా ఎవరూ ఏమీ అనరు. రౌండ్ పద్ధతి మాత్రం తెలుసుకోవాలి: ఒకరు అందరికీ కొంటే తర్వాతి వంతు ఇంకొకరిది. మీకోసం ఎవరైనా కొన్నాక మీ వంతు రాకముందే లేచి వెళ్ళిపోతే పైకి అనరు కానీ గుర్తుపెట్టుకుంటారు. త్వరగా వెళ్ళాలంటే "నాది నేను కొనుక్కుంటా" అని మొదటే చెప్పేయండి.

చావు. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను, రాయాల్సిందే. మీ సహోద్యోగి తండ్రి పోయారంటే, ఆయన్ని మీరు ఎప్పుడూ చూడకపోయినా వెళ్ళండి. రిప్ డాట్ ఐఈ అనే సైటులో ఎప్పుడు, ఎక్కడ అన్నది ఉంటుంది, ఆఫీసులో అందరూ అక్కడే చూస్తారు. సాధారణంగా రెండు మూడు రోజుల్లోనే అంత్యక్రియలు అయిపోతాయి. వరసలో నిలబడి, ఇంటివాళ్ళ చెయ్యి కలిపి "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అంటే చాలు, ఇంకేం మాట్లాడక్కర్లేదు. వేరే మతం వాళ్ళమని మొహమాటపడొద్దు. ఇంట్లో పార్థివదేహం ఉంచి టీ, శాండ్‌విచ్‌లు ఇస్తుంటారు, ఇవ్వగానే తీసుకోండి. ఎంతో దూరం నుంచి వచ్చినవాళ్ళు కూడా తమ కష్టానికి వచ్చి నిలబడ్డారన్నది వాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. మనవాళ్ళు పెళ్ళిళ్ళకి వెళతారు, చావులకి వెళ్ళడానికి జంకుతారు. ఇక్కడ బంధం చాలాసార్లు ఆ వరసలోనే మొదలవుతుంది.

ఆటలు తెలుసుకోండి. 1884లో పుట్టిన జీఏఏ (గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, ఇక్కడి సొంత ఆటల సంఘం) ఈ దేశానికి వెన్నెముక. కర్రా బంతితో ఆడే హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు ఎంత పెద్ద స్టారైనా జీతం తీసుకోరు, సోమవారం పొద్దున మామూలు ఉద్యోగానికి వెళతారు. ప్రతి ఊరికీ ఒక క్లబ్బు, జిల్లాకో జట్టు. కార్క్ హర్లింగ్ జట్టు 2005లో ఆల్ ఐర్లాండ్ కప్పు గెలిచాక 2025తో సహా ఇరవై ఏళ్ళు మళ్ళీ దాని ముఖం చూడలేదు, 2024 ఫైనల్లో క్లేర్ జిల్లా జట్టు చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడింది. ఆ దుఃఖం గురించి ఇక్కడ ఎవరితోనైనా రెండు ముక్కలు మాట్లాడండి, అరగంట కదలరు.

ఇంట్లో ఉన్నవారి వారం

ఉద్యోగం వచ్చేదాకా ఆగడం కాదు, మొదటి నెల నుంచే వారంలో మూడు రోజులకి మూడు పనులు పెట్టుకోండి. లైబ్రరీ సభ్యత్వం ఉచితం, ఆలస్యానికి జరిమానా కూడా 2019లో తీసేశారు. అక్కడ పుస్తకాలకంటే ముఖ్యం ఇంగ్లీషు మాట్లాడుకునే గుంపులు, అల్లికల గుంపులు, పుస్తకాల గుంపులు. మన ఆడవాళ్ళు అల్లికల గుంపులో ఇట్టే కలిసిపోతారు, చేతులు పనిలో ఉంటాయి కాబట్టి మాట కోసం వెతుక్కోనక్కర్లేదు. రెండోది, సెయింట్ విన్సెంట్ డి పాల్ లాంటి చారిటీ షాపులో వారానికి ఒక పూట వాలంటీరు పని. యాస చెవికి పడుతుంది, పైగా ఉద్యోగానికి అడిగినప్పుడు ఇక్కడివాళ్ళెవరైనా మీ గురించి మంచిమాట రాయడానికి ఉంటారు. మూడోది చదువు. ఎడ్యుకేషన్ అండ్ ట్రైనింగ్ బోర్డులు చవగ్గా కోర్సులు నడుపుతాయి. మీ డిగ్రీ ఇక్కడ ఏ స్థాయికి సమానమో క్యూక్యూఐ అనే ప్రభుత్వ అర్హతల సంస్థ ద్వారా చూసుకోండి, నర్సులైతే ఎన్ఎంబీఐ (ఇక్కడి నర్సింగ్ బోర్డు) రిజిస్ట్రేషన్ వెంటనే మొదలుపెట్టండి.

డ్రైవింగ్ కూడా ఇద్దరూ నేర్చుకోవాలి. మన లైసెన్సుని ఇక్కడి లైసెన్సుగా మార్చుకునే వీలు లేదు. థియరీ పరీక్షలో 40కి 35 రావాలి, తర్వాత లెర్నర్ పర్మిట్, శిక్షణ పాఠాలు, చివరికి టెస్టు. ఎడమవైపు నడపడం అలవాటే కాబట్టి అది ఒక సుఖం. టెస్టు తేదీ దొరకడానికే చాలాకాలం పడుతుంది, ఈ రోజే మొదలుపెట్టండి. డబ్లిన్ దాటితే కారు లేనివారు ఎవరో ఒకరి దయమీద ఆధారపడాలి.

భర్తకి ఉద్యోగం, భార్య ఇంట్లో అన్నది ఒక్కటే వరస కాదు. నర్సుగా భార్య ముందొచ్చి, భర్త వెనక వచ్చిన ఇళ్ళు చాలా ఉన్నాయి, ఆ మగవాళ్ళ ఒంటరితనం గురించి ఎవరూ అడగరు. వంట, పిల్లలు, షాపింగ్ చేసుకుంటూ నలుగురిలోకి వెళ్ళడానికి నామోషీ పడతారు. అన్నయ్యా, ఈ పేరా మీకోసమే. ఐరిష్ తండ్రులు పిల్లల స్ట్రోలర్ తోసుకుంటూ పార్కుకి వస్తారు, మీరూ రండి.

భయం గురించి

2025 జూలైలో డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుడి మీద దారుణమైన దాడి జరిగింది, ఆ వేసవిలో ఇంకొన్ని జరిగాయి, ఆగస్టు 1న మన ఎంబసీ జాగ్రత్తగా ఉండమని ప్రకటన ఇచ్చింది. ఇండియాలో పెద్దవాళ్ళు ఇప్పటికీ అది తలుచుకుని ఫోన్ చేస్తారు. దాచాల్సిన పని లేదు, అతిగా చేయాల్సిన పనీ లేదు. అదే టాలాలో వందలమంది స్థానికులు బాధితుడి పక్షాన వీధిలోకి వచ్చారు. రాత్రి పొద్దుపోయాక నిర్మానుష్యమైన చోట్ల ఒంటరిగా తిరగొద్దు, టీనేజీ పిల్లల గుంపు గొడవకి దిగితే జవాబు చెప్పకుండా షాపులోకో బస్సులోకో వెళ్ళిపోండి, మీ లొకేషన్ ఒకరికొకరు పంపుకోండి. ఏదైనా జరిగితే గార్డాకి, అంటే ఇక్కడి పోలీసులకి తప్పకుండా ఫిర్యాదు చేయండి. జాతిద్వేషంతో చేశారనిపిస్తే ఆ మాట స్పష్టంగా రాయించండి, ద్వేషపూరిత నేరాలకి శిక్ష పెంచే చట్టం 2024 చివర్లో అమల్లోకి వచ్చింది. బాధితుల కోసం 116 006 అనే హెల్ప్‌లైన్ ఉంది. నోరు మూసుకుని ఊరుకోవడం మాత్రం వద్దు.

మన పండగలు, మన పెద్దవాళ్ళు

తెలుగు వాట్సాప్ గ్రూపులు వదలొద్దు, ఇల్లు, కారు, పాత మంచం, పురుడు, అన్నిటికీ అవే ఆదుకుంటాయి. కానీ శనివారాలన్నీ అక్కడే ఖర్చు పెట్టకండి. ఉగాది, దీపావళికి పక్కింటివాళ్ళని పిలవండి. బతుకమ్మ వేళకి ఇక్కడ డేలియాలు, హైడ్రేంజియాలు, చామంతులు ఉంటాయి. పక్కింటి పెద్దావిడని పూలు అడిగి చూడండి, తోటంతా చూపించి మరీ ఇస్తారు, ఆవిడని ఆటకి పిలవండి. డబ్లిన్ వాకిన్స్‌టౌన్‌లో గుడి ఉంది. డిసెంబరు 25న బస్సులు, రైళ్ళు ఉండవు, షాపులు మూసేస్తారు, కాబట్టి ఆ రోజు పాలు, కూరగాయలు ముందురోజే తెచ్చుకోండి. పక్కింటికి ఒక క్రిస్మస్ కార్డు వేయండి, మీకూ వస్తుంది.

అమ్మానాన్నల్ని పిలిపించుకోవాలంటే మే నుంచి ఆగస్టు మధ్య పిలవండి. విజిటర్ వీసా మీద 90 రోజుల వరకే. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, మొదటి రోజే వేసేయండి. మీ ఐఆర్‌పీ కార్డులు, జీతం స్లిప్పులు, అద్దె ఒప్పందం, మీ ఇద్దరి తరఫునా ఆహ్వాన పత్రం జత చేయండి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, దుబాయ్, అబుదాబి, దోహా మీదుగా రావాలి, లండన్ మీదుగా టికెట్ చవగ్గా వచ్చినా ట్రాన్సిట్ వీసా సంగతి తేలకుండా కొనొద్దు. మందులు 90 రోజులకి సరిపడా, డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోమనండి. ట్రావెల్ ఇన్సూరెన్సు తప్పనిసరి, ఇక్కడ పెద్దవాళ్ళు ఆసుపత్రి పాలైతే ఆ బిల్లు మీ పొదుపంతా తినేస్తుంది. ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ టికెట్ కొనేటప్పుడే అడగాలి, నాన్నగారు వద్దన్నా సరే అడగండి.